ఎత్తు ఎవరిది? ఆన్‌లైన్ చదరంగంలో కంప్యూటర్ సాయం, విశ్వసనీయత – ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో చదరంగపు పావు కదలికను ‘ఎత్తు’ అంటాం. ఉపాయానికీ పన్నాగానికీ కూడా అదే మాట. ‘ఎత్తుకు పైఎత్తు’ అన్న జాతీయంలో ఈ అర్థాలన్నీ కలిసే ఉన్నాయి. పావును ఒక గడి నుంచి మరొక గడికి జరిపే చేతిపని మాత్రమే ఎత్తు కాదు. ఆ జరపడం వెనుక ఉన్న ఆలోచనే ఎత్తు. ‘ఇది నా ఎత్తు’ అని ఒక ఆటగాడు అన్నప్పుడు ఆ ఆలోచన తనదేనన్న ప్రకటన అందులో ఇమిడి ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుని ఆడిన కాలంలో ఈ ప్రకటనను పరీక్షించవలసిన అవసరం అరుదుగా కలిగేది. ఆట అంతర్జాలంలోకి మారింది. ప్రపంచ విజేతను సైతం ఓడించగల స్టాక్‌ఫిష్ వంటి ఇంజిన్ మామూలు సెల్‌ఫోనులోనే ఉచితంగా పనిచేస్తున్నది. ఈ స్థితిలో ఆ ప్రకటనే ఆటకు కేంద్ర సమస్య అయింది.

ఎదుటి ఆటగాడు కనబడనప్పుడు అతని ఎత్తు అతనిదేనని నమ్మడానికి మనకున్న ఆధారం ఏమిటి? నమ్మకపోవడానికి మనకున్న హక్కు ఎంత? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సాధారణంగా ఈ విషయాన్ని మోసగాళ్లను పట్టుకునే సాంకేతిక సమస్యగా చూస్తారు. ఇక్కడి ప్రతిపాదన వేరు. విశ్వసనీయత ఆటగాళ్లందరి ఉమ్మడి సొత్తు. రహస్యంగా కంప్యూటర్ సాయం తీసుకున్నవాడు దాన్ని ఒకవైపు నుంచి తరుగుతాడు. తగిన ఆధారం లేకుండా బహిరంగంగా నింద మోపేవాడు మరొకవైపు నుంచి తరుగుతాడు. రెండింటి వల్లా ఎక్కువగా నష్టపోయేది పేరూ పరిచయాలూ లేని చిన్న ఊరి ఆటగాడు. అందువల్ల ఈ చర్చను నిజామాబాద్, బోధన్ ప్రాంతం నుంచి చూడడంలో ఔచిత్యం ఉంది.

1. ఎత్తు ఒక వాక్యం

నిజామాబాద్‌లో పుట్టిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచింది. బరిలో ఆమె కొట్టిన దెబ్బ ఆమెదేనా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. తీర్పరుల పక్షపాతం గురించీ, ఉత్ప్రేరకాల గురించీ వివాదాలు రావచ్చు గాని, దెబ్బకు కర్త ఎవరన్న సందేహానికి అక్కడ తావు లేదు. దేహమే అక్కడ సాక్ష్యం. చదరంగంలో ఆ సాక్ష్యం లేదు. చేతులు లేనివారు కూడా చదరంగం ఆడగలరు. తన ఎత్తును నోటితో చెప్పి, పావును మరొకరి చేత జరిపించుకున్నా ఆట ఆడినవారిదే. అంటే చదరంగంలో క్రియ బయట కనిపించే చోట జరగదు. అది మనసులో జరిగి, పలక మీద ప్రకటితమవుతుంది.

ఈ కారణంగా ప్రతి ఎత్తునూ ఒక వాక్యంగా భావించవచ్చు. ‘ఈ స్థితిలో నేను ఆలోచించి ఎంచుకున్నది ఇది’ అన్నది ఆ వాక్యానికి అర్థం. ఇలా చూసినప్పుడు కంప్యూటర్ సాయంలోని దోషం ఎక్కడుందో స్పష్టమవుతుంది. యంత్రం వాడడమే దోషమైతే ఉత్తరాల ద్వారా ఆడే చదరంగానికి సంబంధించిన అంతర్జాతీయ సమాఖ్య పోటీలు అన్నీ దోషాలే కావాలి. అక్కడ ఇంజిన్ సాయం నియమబద్ధంగానే అనుమతించబడింది. 1998లో స్పెయిన్‌లోని లియోన్ నగరంలో కాస్పరోవ్, టొపలోవ్‌లు చెరొక కంప్యూటరు దగ్గర పెట్టుకుని బహిరంగంగానే ఆడారు. దాన్ని ఎవరూ మోసమనలేదు. ఎందుకంటే ఆ ఆటలో ఎత్తు చెప్పే వాక్యం వేరు: ‘నేనూ నా యంత్రమూ కలిసి ఎంచుకున్నది ఇది’ అని. ఆ వాక్యం సత్యమే.

పోటీకి ముందు ఇంజిన్‌తో ప్రారంభపుటెత్తులను అధ్యయనం చేసుకుని, వాటిని గుర్తుపెట్టుకుని వచ్చే ఆటగాడిది కూడా అసత్యం కాదు. గురువు దగ్గర నేర్చిన విద్య పరీక్షనాటికి విద్యార్థిదే అవుతుంది. పరీక్ష గదిలో పక్కవాడు అందించిన చీటీ మాత్రం విద్యార్థిది కాదు. జ్ఞానం మొదట ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆడుతున్న క్షణంలో ఆ జ్ఞానానికి ఆశ్రయం ఎవరన్నదే ప్రశ్న. కాబట్టి రహస్యంగా కంప్యూటర్ సాయం తీసుకోవడం ప్రధానంగా అసత్య వచనం. పాయింట్ల చౌర్యం దాని ఫలితం మాత్రమే.

2. ఒకరి బదులు ఒకరు ఆడడం

ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. వ్యాసభారత సభాపర్వంలో ద్యూతం మొదలయ్యే ముందు ఒక చిన్న సంభాషణ ఉంది. పణంగా ఒడ్డే ధనం తనదనీ, తన తరఫున ఆడేది మేనమామ శకుని అనీ దుర్యోధనుడు ప్రకటిస్తాడు. ఒకరి కోసం మరొకరు ఆడడం తనకు సమంజసంగా తోచడం లేదని ధర్మరాజు అంటాడు. అయినా ఆటకు ఒప్పుకుంటాడు. శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవన్న జనశ్రుతి మన నోళ్లలో ఎక్కువగా నానింది గాని, మూలంలో ఇక్కడ ధర్మరాజు చెప్పిన అభ్యంతరం పాచికల గురించి కాదు, ఆడేవాడి గురించి. ఒడ్డేవాడు ఒకడు, ఆడేవాడు మరొకడు అయినప్పుడు గెలుపోటములకు అర్థం మారిపోతుందని అతను గుర్తించాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. దుర్యోధనుడు విషయాన్ని దాచలేదు. ఎవరు ఆడుతున్నదీ సభ మొత్తానికి తెలుసు. అందుచేత ఆ ద్యూతం అన్యాయమే అయినా, ‘ఆడుతున్నది ఎవరు’ అన్న విషయంలో అసత్యం లేదు. ఆన్‌లైన్ చదరంగంలో ఇంజిన్ సాయం తీసుకునేవాడు ఆ మేరకైనా నిజాయితీ చూపడు. అతని శకుని తెర వెనుకే ఉంటాడు. ధర్మరాజుకు దక్కిన అవకాశం, అంటే అభ్యంతరం చెప్పి ఆడాలో మానాలో తేల్చుకునే అవకాశం, ఇక్కడ ఎదుటి ఆటగాడికి దక్కదు.

పాశ్చాత్య చరిత్రలో దీనికి తలకిందులైన ఉదాహరణలు కనిపిస్తాయి. 1770లో కెంపెలెన్ అనే ఆవిష్కర్త వియన్నా రాజసభలో చదరంగమాడే యంత్రాన్ని ప్రదర్శించాడు. తలపాగా చుట్టిన బొమ్మ తనంతట తానే ఆడుతున్నట్లు కనబడేది. లోపల ఒక మనిషి దాగి ఉండేవాడు. 1997లో డీప్ బ్లూ కంప్యూటరుతో ఆడిన కాస్పరోవ్‌కు రెండో ఆటలో యంత్రం వేసిన ఎత్తులు మనిషి వేసినట్లు తోచాయి. దాని వెనుక మానవ ప్రమేయం ఉందని ఆయన అనుమానించి, యంత్రపు లెక్కల నకళ్లు చూపమని కోరాడు. అప్పటి అనుమానం యంత్రపుటెత్తు మనిషిదని. ఇప్పటి అనుమానం మనిషి ఎత్తు యంత్రానిదని. పావు కదలిక తన కర్తను తానే చెప్పుకోలేదన్న సత్యాన్ని ఈ రెండు అనుమానాలూ ఒకేలా చూపిస్తాయి.

3. ‘ఆట మాత్రమే కదా’ అన్న వాదం

2021 జూన్‌లో కోవిడ్ సహాయనిధి కోసం విశ్వనాథన్ ఆనంద్ పలువురు ప్రముఖులతో ఏకకాలంలో ఆన్‌లైన్ ఆటలు ఆడాడు. వారిలో వ్యాపారవేత్త నిఖిల్ కామత్ ఒక్కడికే గెలుపు దక్కింది. ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన ఆటగాడి మీద ఒక వ్యాపారవేత్త గెలుపు సహజంగానే ప్రశ్నలు రేపింది. ఆటను విశ్లేషించేవారి నుంచీ కంప్యూటర్ల నుంచీ తనకు సాయం అందిందని కామత్ మర్నాడే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. అదంతా సరదా కోసం, దాతృత్వం కోసం జరిగిందన్నది ఆయన వివరణ. తాను పలక మీదున్న స్థితిని బట్టి ఆడాననీ, అందరి నుంచీ అదే ఆశించాననీ ఆనంద్ క్లుప్తంగా స్పందించాడు.

ఈ ఉదంతంలో పతకం లేదు, ర్యాంకు లేదు, బహుమతి సొమ్ము లేదు. సేకరించిన నిధికి నష్టమూ లేదు. ఫలితాల లెక్కలో చూస్తే ఎవరికీ హాని జరగలేదు. అయినా చాలామందికి అది తప్పుగానే తోచింది. ఆ నైతిక స్ఫురణకు కారణం పైన చెప్పిన వాక్య సిద్ధాంతంలో దొరుకుతుంది. ఆనంద్ ఆ ఆటలో కామత్ ఆలోచనతో సంభాషిస్తున్నానని భావించాడు. నిజానికి మరొకరితో మాట్లాడుతున్నాడు. ఎదుటివాడి వాక్యాన్ని నమ్మి తన ఆలోచనను వెచ్చించిన మనిషికి ఆ నమ్మకమే వృథా అయింది. ‘ఆట మాత్రమే కదా’ అన్న సమాధానం ఇక్కడ నిలవదు. ఒకే నియమానికి ఇద్దరూ స్వచ్ఛందంగా కట్టుబడడం తప్ప ఆటకు వేరే పునాది లేదు. జీవితంలోని ఇతర వ్యవహారాలకు నమ్మకం చెదిరినా ప్రయోజనమంటూ కొంత మిగలవచ్చు. ఆటకు అది చెదిరితే మిగిలేది ఏమీ ఉండదు.

అయితే ఈ ఉదంతంలో గమనించవలసిన మరొక అంశం ఒప్పుకోలు. సంశయం పుట్టిన మర్నాడే అది తేలిపోయింది. అనుమానం ఎవరి మీదికీ పాకలేదు. ఒప్పుకోలు తప్పును చెరపకపోయినా, చెదిరిన నమ్మకాన్ని ఒకచోటనే ఆపుతుంది. ఒప్పుకోనప్పుడు ఏమవుతుందన్నదే తరువాతి ప్రశ్న.

4. అనుమాన ప్రమాణపు హద్దు

ఆటగాడు ఒప్పుకోనప్పుడు నిర్వాహకులు ఆశ్రయించేది గణాంకాలను. ఇంజిన్ మొదటి ఎంపికగా చూపే ఎత్తుతో ఆటగాడి ఎత్తు ఎంత తరచుగా కలిసింది, అతని స్థాయి ఆటగాళ్లు సాధారణంగా ఎంతమేరకు కలుస్తారు, ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత ఎంత అని లెక్కిస్తారు. బఫెలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెన్నెత్ రీగన్ ఈ పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఆయన విశ్లేషణలను వినియోగించుకున్నది. ఒక్కో ఎత్తుకు పట్టిన సమయాన్నీ, ఆట నడుమ తెర మారిందా అన్న సంగతినీ ఆన్‌లైన్ వేదికలు దీనికి జోడిస్తాయి.

న్యాయశాస్త్ర పరిభాషలో ఇది అనుమాన ప్రమాణం. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం దానికి ప్రసిద్ధ దృష్టాంతం. ఆ ఊహ చెల్లాలంటే ‘పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది’ అన్న వ్యాప్తి తప్పకుండా నిలవాలి. ఇంజిన్‌తో కలిసే ఎత్తులు హేతువు, ఇంజిన్ సాయం సాధ్యం అనుకుంటే, ఇక్కడ వ్యాప్తి నిలవదు. పలక మీది స్థితి ఒకే మంచి ఎత్తుకు దారితీసేదైతే ఆటగాడూ ఇంజినూ ఒకే ఎత్తు వేస్తారు. ప్రారంభపుటెత్తులు కంఠస్థమై ఉంటే అంతే. ఒకరోజు బుద్ధి అసాధారణంగా చురుకుగా పనిచేసినా అంతే. సాధ్యం లేనిచోట కూడా కనిపించే హేతువును నైయాయికులు సవ్యభిచారమనే హేత్వాభాసంగా లెక్కించారు. ఇంజిన్‌తో పోలిక ఒక్కటే హేతువైనప్పుడు అది ఈ కోవలోకే వస్తుంది. గణాంకశాస్త్రం ఆ వ్యభిచారాన్ని తగ్గించగలదు, పూర్తిగా తొలగించలేదు.

ఒక ఊహాత్మక లెక్క దీన్ని తేటపరుస్తుంది. పది వేల మంది ఆటగాళ్లలో నూటికి ఒకరు, అంటే 100 మంది, ఇంజిన్ సాయం తీసుకుంటున్నారనుకుందాం. పరీక్ష దోషుల్లో నూటికి 90 మందిని పట్టుకుంటుందనీ, నిర్దోషుల్లో నూటికి ఒక్కరినే పొరపాటున దోషిగా చూపుతుందనీ అనుకుందాం. అది చాలా మంచి పరీక్షగానే కనిపిస్తుంది. అయినా అది పట్టుకునే దోషులు 90 మంది. పొరపాటున దోషులుగా చూపే నిర్దోషులు 9,900 మందిలో 99 మంది. ఆ పరీక్ష వేలు చూపిన 189 మందిలో సగానికి పైగా నిర్దోషులే. అందుకే బాధ్యతగల సంస్థలు నిర్దోషి చిక్కుకునే అవకాశం అతి స్వల్పంగా ఉండేలా చాలా కఠినమైన హద్దు పెట్టుకోవాలి. ఆ హద్దు వల్ల కొందరు దోషులు తప్పించుకుంటారు. నిర్దోషిని కాపాడడానికి చెల్లించే మూల్యం అది.

వ్యక్తిగత అనుమానం ఇంత జాగ్రత్త పాటించదు. 2023 నవంబరులో మాజీ ప్రపంచ విజేత క్రామ్నిక్, హికారు నకమురా ఆన్‌లైన్‌లో వరుసగా సాధించిన విజయాల సంఖ్య మీద సందేహం వెలిబుచ్చాడు. 46 ఆటల్లో 45.5 పాయింట్లు అన్నది ఆ అంకె. ఒంటిగా చూస్తే అది నమ్మశక్యంగా ఉండదు. కాని వేలాది ఆటలు ఆడేవాడికి, అదీ తనకన్నా బాగా తక్కువ స్థాయివారితో ఆడేవాడికి, ఎక్కడో ఒకచోట అలాంటి వరుస రావడం ఆశ్చర్యం కాదని టొరంటో విశ్వవిద్యాలయ గణాంక ఆచార్యుడు జెఫ్రీ రోసెంతాల్ విశ్లేషించాడు. మొత్తం నుంచి ఒక ముక్కను ఏరుకుని, ఆ ముక్కకే సంభావ్యత లెక్కించడం తార్కిక దోషం. పండితుడు కూడా తన రంగంలోనే ఈ దోషంలో పడగలడన్నది ఇక్కడ గ్రహించవలసిన సంగతి.

5. ఆప్తవాక్యం, దాన్ని వినని చెవులు

ప్రత్యక్షానికి ఆస్కారం లేక, అనుమానం సందిగ్ధమైనచోట మిగిలేది శబ్దం, అంటే ఆటగాడి మాట. తన ఎత్తు తనదా కాదా అన్నది సందేహం లేకుండా తెలిసినవాడు అతనొక్కడే. నైయాయికుల దృష్టిలో ఆప్తుడికి రెండు లక్షణాలుండాలి. విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఉన్నదున్నట్లు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఆటగాడికి మొదటి లక్షణం ఎప్పుడూ ఉంటుంది. రెండో లక్షణం దగ్గరే చిక్కు. అబద్ధం చెప్పడంలో అతనికి లాభం ఉంది. లాభం ఉన్నవాడి మాటను గుడ్డిగా నమ్మలేం. లాభం ఉన్నదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చనూలేం. తోసిపుచ్చితే నిజాయితీపరుడికి తన నిజాన్ని చెప్పుకునే మార్గమే ఉండదు.

వాత్స్యాయనుడు తన న్యాయభాష్యంలో ఆప్తలక్షణాన్ని చెబుతూ, అది ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనంటాడు. ఇది సామాన్యమైన మాట కాదు. మాటకు విలువ వక్త హోదా నుంచి కాక, అతనికి విషయంతో ఉన్న సంబంధం నుంచీ అతని నిజాయితీ నుంచీ వస్తుందని దీని తాత్పర్యం. ఆధునిక తత్త్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో ప్రచురించిన గ్రంథంలో దీనికి వ్యతిరేక స్థితిని వివరించింది. వినేవారి పూర్వాభిప్రాయం వల్ల ఒకరి మాటకు దక్కవలసిన విశ్వాసం దక్కకపోతే, అది వారిని జ్ఞాతలుగా అవమానించడమేనని ఆమె వాదన. దాన్ని సాక్ష్యపరమైన అన్యాయంగా ఆమె పేర్కొన్నది.

చదరంగంలో ఈ అన్యాయం ఎలా జరుగుతుందో 2022 నాటి ఉదంతం చూపుతుంది. సెప్టెంబరు 4న సెయింట్ లూయిస్‌లో జరిగిన సింక్‌ఫీల్డ్ కప్ ఆటలో ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సెన్‌ను 19 ఏళ్ల హాన్స్ నీమన్ ఓడించాడు. మర్నాడు కార్ల్‌సెన్ పోటీ నుంచి తప్పుకున్నాడు. 12, 16 ఏళ్ల వయసులో ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సాయం తీసుకున్నానని నీమన్ అంగీకరించాడు. ఎదురెదురు ఆటలో ఎన్నడూ తీసుకోలేదన్నాడు. అక్టోబరులో చెస్ డాట్ కామ్ వెలువరించిన 72 పుటల నివేదిక, అతను వందకు పైగా ఆన్‌లైన్ ఆటల్లో సాయం తీసుకుని ఉండవచ్చని పేర్కొన్నది. ఎదురెదురు ఆటలో మోసాన్ని మాత్రం నిరూపించలేదు. వ్యాజ్యం నడిచి, 2023 ఆగస్టులో రాజీతో ముగిసింది. తగిన కారణం లేకుండా పోటీ నుంచి తప్పుకున్నందుకు ఫిడే నైతిక సంఘం కార్ల్‌సెన్‌కు 10,000 యూరోల జరిమానా విధించి, మిగతా అభియోగాల్లో దోషం లేదన్నది.

ఈ ఉదంతంలో రెండు వైపులా సత్యం కొంత ఉంది. నీమన్ మాట విలువ తగ్గడానికి అతని గత అసత్యమే కారణం. అది పూర్వాభిప్రాయం కాదు, ఆధారం. కాని గతం నుంచి వచ్చిన సందేహం ఒక ప్రత్యేక ఆటకు రుజువు కాలేదు. ప్రపంచ విజేత మౌనంగా తప్పుకోవడం ఒక వాక్యం కన్నా బలంగా పనిచేసింది. అతని హోదా వల్ల ఆ మౌనమే కోట్లమందికి అభియోగంగా వినిపించింది. హోదా ఉన్నవాడి అనుమానానికీ, లేనివాడి నిరాకరణకూ లోకం సమానమైన తూకం వేయదు. కాబట్టి హోదా పెరిగిన కొద్దీ మాట విషయంలో బాధ్యత కూడా పెరగాలి.

ఈ బాధ్యత ఎంత బరువైనదో 2025 అక్టోబరులో చదరంగ లోకం మళ్లీ ఆలోచించవలసి వచ్చింది. అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ నరోడిట్‌స్కీ 29 ఏళ్ల వయసులో మరణించాడు. అంతకు ముందు ఏడాది కాలంగా క్రామ్నిక్ అతని మీద బహిరంగంగా సందేహాలు వెలిబుచ్చుతూ వచ్చాడు. నరోడిట్‌స్కీ వాటిని ఖండించాడు. మరణానికీ నిందలకూ ముడి వేయడం ఈ వ్యాసం పని కాదు. అయితే తేలని అభియోగం కింద బతకడం ఏమిటో ఆ ఏడాది చూపింది. దోషం రుజువైతే శిక్షకు కాలపరిమితి ఉంటుంది. రుజువు కాని అనుమానానికి ఆ పరిమితి లేదు. ‘నేను చేయలేదు’ అన్న అభావాన్ని రుజువు చేయమని అడగడం ఎవరికీ తీర్చసాధ్యం కాని కోరిక.

6. కనిపించని యంత్రాంగం

ఆన్‌లైన్ ఆటలో నమ్మకం ఇద్దరు ఆటగాళ్ల మధ్య వ్యవహారం మాత్రమే కాదు. వారిద్దరూ చూడలేని యంత్రాంగం నడుమ ఉంటుంది. 2020లో జరిగిన మొదటి ఆన్‌లైన్ ఒలింపియాడ్ దీనికి మంచి ఉదాహరణ. తెలుగువారైన హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక భారత జట్టులో ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో ఆర్మీనియా ఆటగాడి కనెక్షన్ తెగిపోయి, ఆ ఆట భారత్‌కు దక్కింది. ఆర్మీనియా అప్పీలును తోసిపుచ్చారు. ఆ జట్టు నిరసనగా తప్పుకున్నది. సెమీఫైనల్లో పోలండ్ మీద నిర్ణాయక ఆటను హంపి గెలిచింది. ఆగస్టు 30న రష్యాతో జరిగిన ఫైనల్లో ఈసారి భారత ఆటగాళ్లు నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్లు తెగిపోయాయి. ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా అంతర్జాల సేవలకు అంతరాయం కలిగిన సంగతిని లెక్కలోకి తీసుకుని, ఫిడే రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించింది.

రెండు నిర్ణయాలకూ వేర్వేరు కారణాలున్నాయి. ఒకచోట లోపం ఆటగాడి వైపుదని తీర్పు. మరొకచోట లోపం అందరికీ బయటిదని తీర్పు. అయినా ఓడినవారి వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే అనుభవం: ‘నా కనెక్షన్ పోయింది, నా తప్పు లేదు’ అన్న మాట ఒకచోట చెల్లింది, మరొకచోట చెల్లలేదు. ఎవరి మాట చెల్లుతుందన్నది ఆటగాళ్ల చేతిలో లేని సాంకేతిక రికార్డుల మీద ఆధారపడింది. అందువల్ల తీర్పు సరైనదైతే చాలదు. దాని ఆధారాలు ఓడినవారికి కూడా అర్థమయ్యేలా కనబడాలి.

7. బోధన్ కాటా నేర్పే పాఠం

తాను స్వయంగా కొలవలేనిదాన్ని నమ్మవలసి రావడం చెరుకు రైతుకు కొత్త కాదు. నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరుకును బోధన్ పక్కనున్న శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీకి తరలించిన తరాలు ఇక్కడ ఉన్నాయి. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వ్యవహారంలో రైతు రెండు కొలతలను నమ్మాలి. మొదటిది కాటా. బండి కాటా మీదికి ఎక్కిన తరువాత కనిపించే అంకె రైతు చేతిలో లేదు. వరుసలో ఆలస్యమైన కొద్దీ చెరుకు ఎండి బరువు తగ్గుతుంది కూడా. రెండోది రికవరీ శాతం. కేంద్రం ప్రకటించే న్యాయమైన, గిట్టుబాటు ధర ఈ శాతంతో ముడిపడింది. అది ఫ్యాక్టరీ మొత్తానికి లెక్కించే సగటు. తన చేనులోని చెరుకుకు ఎంత తీపి ఉందో రైతు విడిగా నిరూపించుకోలేడు.

ఈ ఏర్పాటులో కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఎందుకు అవసరమో ఆలోచిస్తే విశ్వసనీయత స్వభావం బోధపడుతుంది. ఒక్క కాటాలో మోసం జరిగితే నష్టం ఆ ఒక్క బండి బరువుతో ఆగదు. ఆ తరువాత సరిగ్గా తూచిన కాటా కూడా అనుమానానికి గురవుతుంది. నిజాయితీగా తూచినవాడు తన నిజాయితీని చూపుకోలేకపోతాడు. మరోవైపు, ప్రతి తూకాన్నీ దొంగతూకమని రచ్చ చేసేవాడి వల్ల కూడా ఇదే జరుగుతుంది. నిజంగా మోసపోయిన రైతు ఫిర్యాదు చేసిన రోజున దాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకే తూకం మీద సందేహాన్ని గట్టు మీద కేకగా కాక, తనిఖీకి దరఖాస్తుగా మార్చే వ్యవస్థ అవసరమైంది.

ఆన్‌లైన్ చదరంగం సరిగ్గా ఈ స్థితిలోనే ఉంది. గట్టి ప్రత్యర్థుల కోసం హైదరాబాదుకో మరో నగరానికో ప్రయాణం కట్టవలసిన నిజామాబాద్ జిల్లా పిల్లవాడికి సెల్‌ఫోను ఆ దూరాన్ని తగ్గించింది. లిచెస్ వంటి వేదిక మీద రుసుము లేకుండానే ఏ దేశపు ఆటగాడితోనైనా ఆడవచ్చు. కాని దూరాన్ని తగ్గించిన ఆ సాధనమే సాక్షుల్ని కూడా తొలగించింది. వరంగల్ నుంచి వచ్చిన అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటినప్పుడు ఎవరూ అనుమానించలేదు. అతని ఎదుగుదలకు వందలాది ఎదురెదురు ఆటలు సాక్ష్యం. అలాంటి సాక్ష్యం సమకూరడానికి ప్రయాణ ఖర్చులూ, ప్రవేశ రుసుములూ, తోడు వెళ్లగలిగే తల్లిదండ్రులూ కావాలి. అవి లేక ఆన్‌లైన్‌లోనే వేగంగా ఎదిగే పిల్లవాడి ప్రతిభ, మోసగాడి ఎదుగుదల లాగే కనిపిస్తుంది. ఇంజిన్ వాడినవాడు కాజేసినది పాయింట్లు మాత్రమే కాదు. ఈ పిల్లవాడికి దక్కవలసిన నమ్మకాన్ని కూడా.

దీనికి విరుగుడుగా కెమెరాలు పెట్టడం, తెరను పంచుకోమనడం, ఆట తరువాత ఎత్తులను వివరించమనడం వంటివి సూచిస్తారు. అవి ఉపయోగకరమే. కాని వాటి భారం అందరి మీదా సమానంగా పడదు. ఇంటిల్లిపాదీ ఉండే ఒకే గదిలో, ఒకే ఫోనుతో ఆడే పిల్లవాడికి రెండు కెమెరాల నియమం ప్రవేశ నిషేధంతో సమానం. వివరణ కోరడంలోనూ జాగ్రత్త అవసరం. తన ఎత్తుకు జవాబు చెప్పగలగడం కర్తృత్వానికి మంచి గుర్తే. అయితే తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచించే పిల్లవాడు ఇంగ్లీషులో తడబడితే, అది భాషలోని తడబాటు, ఆటలోనిది కాదు.

8. బాధ్యతల విభజన

పై చర్చను బట్టి ముగ్గురికి మూడు రకాల బాధ్యతలను గుర్తించవచ్చు. ఆటగాడి బాధ్యత మొదటిది: తనది కాని ఎత్తును తనదనకపోవడం, అన్నట్లయితే ఒప్పుకోవడం. నిర్వాహకుల బాధ్యత రెండోది: నిర్దోషిని కాపాడేంత కఠినమైన హద్దు పెట్టుకోవడం, ఆధారాన్ని నిందితుడికి తెలపడం, అతను కోరిన భాషలో అతని మాట వినడం, అప్పీలుకు అవకాశమివ్వడం. తోటి ఆటగాళ్లదీ ప్రేక్షకులదీ మూడోది: సందేహాన్ని నిర్వాహకులకు నివేదించడం, అది తేలేదాకా బహిరంగ నిందగా మార్చకపోవడం.

ఇంత సంయమనం దోషులకే మేలు చేస్తుందన్న అభ్యంతరం రావచ్చు. మూసిన తలుపుల వెనుక సంస్థలు తమ ప్రతిష్ఠ కోసం నిజాన్ని దాచిపెట్టవచ్చన్నది కూడా నిజమే. అందుకే ఇక్కడ కోరుతున్నది మౌనం కాదు, మాటకు తగిన స్థాయి. మనసులో సందేహించడానికి చిన్న కారణం చాలు. విచారణ కోరడానికి చెప్పదగిన కారణం కావాలి. ఒకరిని పేరుపెట్టి దోషి అనడానికి రుజువు కావాలి. సంస్థ విచారణను తొక్కిపెడితే ఆ తొక్కిపెట్టడాన్ని బహిరంగంగా ప్రశ్నించవచ్చు; దాని బదులు నిందితుడిని శిక్షించకూడదు.

ముగింపు

చదరంగంలో ఎత్తు తన కర్తను తాను చెప్పలేదు. గణాంకం కొంత చెబుతుంది, పూర్తిగా చెప్పదు. కెమెరా కొందరి విషయంలోనే చెబుతుంది. చివరకు ఆటగాడి మాట మీద కొంతయినా ఆధారపడక తప్పదు. ఇది ఆటకు ఉన్న లోపం కాదు, మనుషులు కలిసి చేసే ఏ పనికైనా ఉన్న లక్షణం. ఆ మాటకు విలువ నిలవాలంటే దాన్ని పలికేవారు అసత్యానికి దూరంగా ఉండాలి. వినేవారు హోదాను బట్టి కాక ఆధారాన్ని బట్టి తూచాలి. ఆప్తలక్షణం అందరికీ సమానమన్న భాష్యకారుడి మాట ఆచరణలోకి వచ్చినప్పుడే, బోధన్‌లో ఫోను పట్టుకుని ఆడిన పిల్లవాడి మంచి ఎత్తు ప్రపంచ విజేత ఎత్తులాగే ముందు ఎత్తుగా కనిపిస్తుంది, తరువాతే ప్రశ్నగా.